ప్రకటనల్లేని ఉచిత బ్లాగు ఖాతాలు ఎత్తేస్తున్నారు: 640 టపాల తెలుగు బ్లాగుని ఏం చెయ్యాలి?

పాతబస్తీ_పుటలు (విజయవాడ):

నలుగురం కలిసి నడిపే బ్లాగు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఊళ్ళు, శాసనాలు, కాలవలు, పాత కట్టడాల మీద రాస్తాం. 640 టపాలు, 1,900 ఫొటోలు, నాలుగు వేల పైచిలుకు వ్యాఖ్యలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఉచిత ఖాతాయే, ప్రకటనలు ఉండేవి కావు. ఇప్పుడు సైటువాళ్ళు ఆ రకం ఖాతా తీసేస్తున్నామని మెయిలు పెట్టారు. ఉచితంగా ఉండాలంటే ప్రకటనలు ఒప్పుకోవాలి, వద్దంటే ఏడాదికోసారి డబ్బు కట్టాలి. పాతవాళ్ళకి 60 రోజుల గడువు ఇచ్చారు.

బ్లాగు మీద మాకు రాబడి లేదు, అక్కర్లేదు కూడా. కానీ అమరావతి స్తూపం గురించి చదువుతున్నవాళ్ళకి మధ్యలో పేకాట ప్రకటన తగలడం మాకెవరికీ ఇష్టం లేదు. డబ్బు కట్టడమా, ఇంకోచోటికి మారడమా? మారితే తెలుగు అక్షరాలు, ఫొటోలు, వ్యాఖ్యలు చెక్కుచెదరకుండా వస్తాయా? ఇంకో తలనొప్పి కూడా ఉంది. జనవరి పుస్తక మహోత్సవానికి అచ్చేసిన కరపత్రాల మీద పాత అడ్రసు, దాని క్యూఆర్ కోడ్ ఉన్నాయి. రెండు వేల కాపీలు ఇంకా మిగిలాయి.

ఎక్స్‌పోర్ట్ ఫైలు (బ్లాగంతా ఒక్క ఫైలుగా దింపుకునేది) వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ పద్ధతిలోనే వస్తుందని సహాయం పేజీలో ఉంది.

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు):

కట్టాలా మారాలా అన్నది వచ్చే వారం తేల్చుకోవచ్చండీ. ఎక్స్‌పోర్ట్ మాత్రం ఇవాళ రాత్రికే తీసి పెట్టుకోండి. గడువు చివరి వారంలో అందరూ ఒకేసారి ఆ బటన్ మీద పడతారు, ఫైలు తయారవ్వదు, లేదా సగంలో తెగుతుంది.

ఫైలు పూర్తిగా వచ్చిందో లేదో పరిమాణం చూస్తే సగం తెలిసిపోతుంది. యూనికోడ్ (యూటీఎఫ్8) ఫైలులో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. టపాకి సగటున 6,000 గుర్తులు వేసుకుంటే 18 కేబీ. 640 టపాలకి 11, 12 ఎంబీ. వ్యాఖ్యలు, ఫొటోల వివరాలు కలిస్తే ఇంకొంచెం. మీకు 3 ఎంబీ ఫైలు వచ్చిందంటే అది తెగిపోయినట్టే. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనో వీఎస్ కోడ్‌లోనో తెరిచి, ‘ఐటమ్’ ట్యాగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. వర్డ్‌ప్రెస్ పద్ధతిలో టపా ఒక ఐటమ్, పేజీ ఒక ఐటమ్, ఫొటో కూడా ఒక ఐటమే. అంటే మీకు 2,540కి పైన రావాలి. 640 మాత్రమే వస్తే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘మొత్తం’ బదులు ‘టపాలు’ ఎంచుకున్నారన్న మాట.

అందరూ బోల్తా పడేది తర్వాతి దగ్గర. ఈ ఫైలులో ఫొటోలు ఉండవు. ఫొటో ఎక్కడుందో చెప్పే లింకు మాత్రమే ఉంటుంది. ‘బ్యాకప్ ఉందిగా’ అని పాత బ్లాగు చెరిపేస్తే టపాలు మిగులుతాయి, ఫొటోల చోట ఖాళీ డబ్బాలు మిగులుతాయి. మీడియా లైబ్రరీని విడిగా దింపుకునే వీలు సైటులో ఉంటే అది కూడా తీసుకోండి. దింపిన ఫొటోలు 1,900కి దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకుని, ఒక ప్రతి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఇంకొకటి క్లౌడ్‌లో పెట్టండి. నలుగురిలో ఒక్కరి ల్యాప్‌టాప్‌లో మాత్రం వదిలేయకండి.

ప్రకటనల సంగతి తేల్చుకోవాలంటే అదే సైటులో ఇప్పటికే ప్రకటనలున్న ఇంకో ఉచిత బ్లాగుని పాఠకుడు చూసినట్టు చూడాలి. కొన్ని సైట్లలో లాగిన్ అయి ఉంటే ప్రకటనలు కనపడవు. ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో (లాగిన్ గుర్తుండని) విండో తెరిచి, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఐదారు టపాలు తిరగెయ్యండి. టపా అడుగున ఒక్కటే ఉంటే సర్దుకుపోవచ్చు. పేరాల మధ్య దూరితే, తెరకి అతుక్కుని కిందికి జరుగుతూ వస్తే మాత్రం మారిపోవడమే మంచిది.

కొత్తపేట_కుర్రోడు:

ఇంత అవసరమా అన్నా? యాడ్‌బ్లాకర్ పెట్టుకుంటే పోలా.

బ్రాడీపేట_నాలుగోలైను:

అది పెట్టుకున్నవాడి కంటికే పనిచేస్తుంది తమ్ముడూ. తెనాలిలో ఫోన్‌లో చదివే పెద్దాయన దగ్గర యాడ్‌బ్లాకర్ ఉండదు. వీళ్ళ బాధ పాఠకుల గురించి.

బకింగ్‌హామ్_గట్టు (విజయవాడ):

ఎక్కడికి మారినా, మారకపోయినా, ముందు సొంత డొమైన్ పేరు, అంటే మీదైన వెబ్ అడ్రసు, కొనండి. ఈ మొత్తం గొడవకి మూలం అడ్రసు మీది కాకపోవడమే. పేరు మీదైతే రేపు ఇంకో సైటువాడు నిబంధనలు మార్చినా, వెనకాల ఇల్లు మారుతుంది కానీ వీధి గుమ్మం మారదు.

డాట్ ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది, పైన 18 శాతం జీఎస్టీ. మొదటి ఏడాది 99, 199 అని ఊరిస్తారు, మీరు చూడాల్సింది రెన్యూవల్ ధర. డాట్ భారత్ అని పూర్తి తెలుగులో కూడా పేరు కొనుక్కోవచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, కాపీ చేసి వేరేచోట అతికిస్తే చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా మారిపోతుంది. అందుకని అసలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి. ముఖ్యమైన సంగతి: సైటు చేసిపెట్టే కుర్రాడి పేరు మీదో, అతని మెయిలు మీదో కొనిపించకండి. బ్లాగు కోసం విడిగా ఒక మెయిలు తెరిచి, దాని పాస్‌వర్డు కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. పేరు ఎవరి ఖాతాలో ఉంటే సైటు వాళ్ళదే.

ఇక ఎక్కడికి అన్నది.

గూగుల్‌వాళ్ళ బ్లాగర్ ఇప్పటికీ ఉచితం. మీరుగా యాడ్‌సెన్స్ (గూగుల్ ప్రకటనల సేవ) తగిలిస్తే తప్ప ప్రకటనలు రావు. సొంత డొమైన్ కలపడానికి కూడా డబ్బు తీసుకోడు. డొమైన్ సెట్టింగుల్లో డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూకి ఒక సీనేమ్ రికార్డు (పేరుని ఇంకో పేరుకి చూపించేది) గూగుల్ చెప్పిన చిరునామాకి, యాజమాన్యం నిరూపించడానికి ఇంకో సీనేమ్. డబ్ల్యూలు లేకుండా కొట్టేవాళ్ళ కోసం నాలుగు ఏ రికార్డులు (పేరుని అంకెల చిరునామాకి చూపించేవి): 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. ఈ నాలుగూ చాలామంది వదిలేస్తారు, తర్వాత ‘కొందరికి తెరుచుకుంటోంది, కొందరికి లేదు’ అని తల పట్టుకుంటారు.

కానీ మీ విషయంలో బ్లాగర్‌కి రెండు అడ్డంకులు. ఒకటి, అది తన సొంత బ్యాకప్ ఫైలునే లోపలికి తీసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ ఫైలు నేరుగా తీసుకోదు, మధ్యలో మార్పిడి స్క్రిప్టు కావాలి. రెండోది తెలుగువాళ్ళకి ప్రత్యేకం. టపా పేరు తెలుగులో ఉంటే బ్లాగర్ దాన్ని అడ్రసులోకి తీసుకోలేదు. ప్రతి టపాకీ ‘బ్లాగ్-పోస్ట్’ అని పెట్టి వెనకాల ఒక అంకె తగిలిస్తుంది. కొత్త టపాలకైతే చేత్తో ఇంగ్లీషు లింకు ఇచ్చుకోవచ్చు. 640 పాత టపాలకి ఏ లింకు ఎటు పోయిందో పట్టిక రాసుకోవడం ఎవరి వల్లా కాదు.

అందుకే మీ సరుక్కి సొంత హోస్టింగ్‌లో (అద్దెకి తీసుకున్న సర్వర్ చోటులో) వర్డ్‌ప్రెస్సే నయం అంటాను. ఎక్స్‌పోర్ట్ ఫైలులో ప్రతి టపా పాత లింకు పేరు కూడా ఉంటుంది కాబట్టి అదే పేరుతో కూర్చుంటుంది. ఇక్కడ కూడా తెలుగుకి ఒక చిక్కు ఉంది, తెలుసుకుని ఉండండి. వర్డ్‌ప్రెస్ లింకు పేరుకి 200 గుర్తుల హద్దు. తెలుగు గుర్తు ఒక్కోటి అడ్రసులో శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా మారుతుంది. అంటే ఒత్తులు, గుణింతాలు, సున్నాలు విడివిడిగా లెక్కేసి 22కి మించి పట్టవు. ‘ఉండవల్లి గుహల్లో అనంతశయనుడి శిల్పం’ అని పేరు పెట్టారనుకోండి. ‘ఉండవల్లి’కి 8, ‘గుహల్లో’కి 7, ‘అనంతశయన’ దగ్గరికొచ్చేసరికి ఇంకో 7. మధ్యలో రెండు గీతలతో కలిపి సరిగ్గా 200. ‘ుడి శిల్పం’ అక్కడితో తెగిపోతుంది. అదే పేరుతో రెండో భాగం రాస్తే, చివర 2 అంకె పెట్టడానికి ఇంకో అక్షరం కూడా కోసేసి ‘అనంతశయ-2’ చేస్తుంది. పాత టపాల లింకులు ముట్టుకోకండి. కొత్తవాటికి మాత్రం ‘ప్రచురించు’ నొక్కకముందే చిన్న ఇంగ్లీషు పేరు ఇవ్వండి. వాట్సాప్‌లో పంపినప్పుడు కూడా అరగజం పొడవు శాతం గుర్తుల తాడు కాకుండా చదవగలిగే లింకు వెళ్తుంది.

హోస్టింగ్‌కి ధర ఒక్కటే చూసి కొనకండి. ఫైళ్ళ సంఖ్య హద్దు కూడా చూడండి. వర్డ్‌ప్రెస్ ప్రతి ఫొటోకీ చిన్నవీ పెద్దవీ ప్రతులు చేసుకుంటుంది. 2,560 పిక్సెళ్ళ కంటే పెద్ద ఫొటో ఒక్కటి ఎక్కిస్తే అసలుతో కలిపి ఎనిమిది ఫైళ్ళు అవుతాయి. 1,900 ఫొటోలకి 15,200. ఫొటో 3 ఎంబీ చొప్పున అసలువే 5.7 జీబీ. అదే 1,600 పిక్సెళ్ళకి కుదించి ఎక్కిస్తే ఒక్కోటి 350 కేబీ లోపే ఉంటుంది, అసలువన్నీ కలిపి 700 ఎంబీ దాటవు. శాసనాల ఫొటోలు మాత్రం కుదించకండి, అక్షరాలు పోతాయి.

గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట స్థిరమైన హెచ్‌టీఎంఎల్‌గా, అంటే ముందే తయారుచేసిన పేజీలుగా పెట్టొచ్చు, ఉచితం, ప్రకటనలుండవు. సైటు పరిమాణం 1 జీబీ లోపు ఉండాలంటారు, మీ ఫొటోలు కుదిస్తే పడుతుంది. వ్యాఖ్యలు మాత్రం గడ్డకట్టిపోతాయి, కొత్తవి రాయడానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి. పైగా మీ నలుగురిలో ఒక్కరికే గిట్ (అక్కడ ఫైళ్ళు ఎక్కించే పనిముట్టు) వచ్చనుకోండి, ఆ ఒక్కరూ పెళ్ళికి ఊరెళ్తే టపా పడదు.

పాతబస్తీ_పుటలు:

చాలా ఉపయోగంగా ఉందండీ. ఫైలు 14 ఎంబీ వచ్చింది, ఐటమ్‌లు 2,494. లైబ్రరీలో ఫొటోలు 1,846 చూపిస్తోంది, మేం లెక్కేసుకున్న 1,900 కాదు. దాని సంగతి తర్వాత అడుగుతాను. మాలో గిట్ ఎవరికీ రాదు, కాబట్టి అది పక్కన పెట్టేశాం. దిగుమతి చేసేటప్పుడు జాగ్రత్తలేమిటి? చాలా పాత టపాలు కొన్ని డీటీపీ ఫాంటులో నుంచి అతికించినవి కూడా ఉన్నాయి.

గవర్నర్‌పేట_డీటీపీ (విజయవాడ):

ఆ పాత టపాలనే ముందు పట్టుకోండి. అనూ లాంటి ఫాంట్లలో కొట్టినది అసలు తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మలు తొడిగినది. పాత థీమ్‌లో ఫాంటు జతచేసి ఉంటే కనపడుతుంది, కొత్త థీమ్‌కి మారగానే ముసుగు ఊడిపోయి పిచ్చి గుర్తులు బయటపడతాయి. కన్వర్టర్లో వేసి యూనికోడ్ చెయ్యండి, కానీ దాన్ని నమ్మి నేరుగా ప్రచురించొద్దు. ఆ ఫాంట్లలో ఒత్తు కంటికి కనపడే వరుసలో ఉంటుంది, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉంటుంది. అందుకని క్రావడి, రెండు ఒత్తులు కలిసిన చోట్ల, ‘ఋ’, ‘క్ష’ ఉన్న మాటలు తప్పులొస్తాయి. ‘శాస్త్రి’, ‘రాష్ట్రం’, ‘కృష్ణా’, ‘ఋషి’ ఈ నాలుగూ వెతికి చూడండి. ఇవి సరిగ్గా వస్తే మిగతావి కూడా చాలావరకు వచ్చినట్టే.

యూనికోడ్‌లో ఉన్న టపాలకి ఇంకో పరీక్ష ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కొన్ని ‘శుభ్రం చేసే’ ప్లగిన్లు, స్క్రిప్టులు దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. అప్పుడది ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ‘బ్యారేజ్‌కి’ కాస్తా ‘బ్యారేజ్కి’. దిగుమతికి ముందు ఫైలులో ఆ గుర్తు ఎన్నిసార్లుందో లెక్కపెట్టండి. అయ్యాక కొత్త సైటు నుంచి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ తీసి లెక్కపెట్టండి. రెండూ ఇంచుమించు కలవాలి.

డేటాబేసు తెరిచి చూస్తే అక్షర పద్ధతి యూటీఎఫ్8ఎంబీ4 అని ఉండాలి. తెలుగు మూడు బైట్లలో సరిపోతుంది గానీ వ్యాఖ్యల్లో జనం పెట్టే ఎమోజీలకి నాలుగు కావాలి. సైటు తెరవగానే తెలుగంతా ‘గీత పెట్టిన ఏ, పక్కన డిగ్రీ గుర్తు’ వరసలుగా కనపడితే కంగారు పడకండి. అక్షరాలు పోలేదు, యూటీఎఫ్8లో ఉన్నదాన్ని లాటిన్1 అనే వేరే అక్షర పద్ధతి అనుకుని చదువుతోంది అంతే. ఆ స్థితిలో టపా తెరిచి ‘సేవ్’ నొక్కకండి, నొక్కితే చెడిపోయిన రూపమే స్థిరపడిపోతుంది.

మెయిల్లో మీ టపాలు అందుకునే చందాదార్ల జాబితా ఉంటే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక ఫైలుగా) తీసుకోండి. ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు పేర్లు గజిబిజి అవుతాయి. ‘డేటా’ మెనూలో టెక్స్ట్ నుంచి తెచ్చుకుని, ఫైలు మూలం దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి.

బకింగ్‌హామ్_గట్టు:

పైనున్నదానికి కొనసాగింపుగా, దిగుమతి సంగతి చెప్తాను.

14 ఎంబీ ఫైలు ఒకేసారి ఎక్కకపోవచ్చు. వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాష సొంతంగా పెట్టుకున్న అప్‌లోడ్ హద్దు 2 ఎంబీ. హోస్టింగ్ ప్యానెల్‌లో అప్‌లోడ్ పరిమాణం, పోస్ట్ పరిమాణం రెండూ 64 ఎంబీకి పెంచండి. ఒక్కటే పెంచితే రెండోది అడ్డుపడుతుంది. తర్వాత వర్డ్‌ప్రెస్ ఇంపోర్టర్ నడిపేటప్పుడు ‘అటాచ్‌మెంట్లు దింపుకో’ అన్న చిన్న గడిలో టిక్ పెట్టాలి. అది పెట్టకపోతే టపాలన్నీ వచ్చేస్తాయి, ఫొటోలు కూడా కనపడతాయి, పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఫొటోలు పాత సైటు నుంచే వస్తుంటాయి. అది మూతపడిన రోజున అన్నీ ఒక్కసారే పోతాయి.

ఫొటోలు దింపుకుంటున్నంతసేపూ పాత బ్లాగు అందరికీ తెరిచే ఉండాలి. ‘ప్రైవేట్’లో పెడితే ఇంపోర్టర్‌కి కూడా తలుపు మూసుకుంటుంది. మధ్యలో టైమవుట్ అయి ఆగిపోవడం మామూలే, అదే ఫైలుతో మళ్ళీ నడిపించండి. ఎక్కిన టపాలని పేరు, తేదీ చూసి గుర్తుపట్టి వదిలేస్తుంది, మిగతావి తెచ్చుకుంటుంది. మూడు నాలుగు విడతలు పట్టొచ్చు. అందుకని ఈ లోపల ఎక్కిన టపాల పేర్లూ తేదీలూ మార్చకండి, మారిస్తే అవే రెండోసారి ఎక్కుతాయి. ఫొటోలు ఇలా పూర్తి పరిమాణంలోనే వస్తాయి కాబట్టి, కుదింపు తర్వాత ప్లగిన్‌తో చేసుకోవాలి. అంతసేపూ హోస్టింగ్‌లో 10 జీబీ పైన ఖాళీ ఉండేట్టు చూసుకోండి.

అయ్యాక ఇలా చూడండి. ఇన్‌కాగ్నిటోలో కొత్త సైటులో టపా తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబులో వడపోత గడిలో పాత సైటు పేరు కొట్టి, పేజీని మళ్ళీ లోడ్ చేసి చివరిదాకా జరపండి. ఏ వరుసా రాకపోతే ఆ టపా శుభ్రం. వస్తే, ఆ ఫొటో ఇంకా అద్దె ఇంట్లోనే, అంటే పాత సైటులోనే ఉంది. ఫొటోలు ఎక్కువున్న 30 టపాలకి ఇలా చేస్తే చాలు, తప్పెక్కడ పునరావృతమవుతోందో అర్థమైపోతుంది.

చుట్టుగుంట_సెంటర్ (గుంటూరు):

డబ్బు కట్టి అక్కడే ఉండాలనుకుంటే ఒక్క మాట. విదేశీ సైటుకి కట్టాలంటే బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ వాడకం విడిగా తెరవాలి, మామూలుగా అది మూసి ఉంటుంది. రూపే కార్డు చాలాచోట్ల తీసుకోరు. డాలర్లలో కడితే మారకం మీద బ్యాంకు రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి.

అసలు ఇబ్బంది రెండో ఏడాదిలో వస్తుంది. 2021 అక్టోబరు నుంచి ఆటోమేటిక్ చెల్లింపులకి రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధన ఉంది. ముందు మ్యాండేట్ నమోదవ్వాలి, డబ్బు తీసే 24 గంటల ముందు కబురు రావాలి, హద్దు దాటితే ఓటీపీ కావాలి. ఆ హద్దు మొదట 5,000 ఉండేది, 2022లో 15,000 చేశారు. ఈ ఏర్పాటు లేని విదేశీ సైటు కార్డు మీద పెట్టే రెన్యూవల్ ఊరికే తిరగబడుతుంది. మీకు తెలిసేది బ్లాగు మీద ప్రకటనలు మళ్ళీ వచ్చాకే. కాబట్టి ‘ఆటో రెన్యూ’ నమ్ముకోకుండా, గడువుకి నెల ముందే చేత్తో కట్టేలా ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. డొమైన్‌కీ ఇదే. డొమైన్ మనదేశపు రిజిస్ట్రార్ దగ్గర కొంటే యూపీఐతో కట్టేసుకోవచ్చు, ఈ బాధ ఉండదు.

పాత_అంతర్జాలి (గుంటూరు):

కోపం సహజమే గానీ ఇది కొత్త పోకడ కాదు. 1999లో మొదలైన లైవ్‌జర్నల్‌లో ‘బేసిక్’ అని సరిగ్గా ఇలాంటి ఖాతాయే ఉండేది, ఉచితం, ప్రకటనలుండవు. 2005లో అది సిక్స్ అపార్ట్ చేతికి, 2007 డిసెంబరులో ఎస్‌యూపీ అనే రష్యన్ సంస్థ చేతికి వెళ్ళింది. 2008 మార్చిలో కొత్తగా చేరేవాళ్ళకి బేసిక్ ఖాతా తీసేశారు. దానికి నిరసనగా మార్చి 21న వాడకందార్లు ఒకరోజు ఏమీ రాయకుండా సమ్మె చేశారు. అక్కడ పాత ఖాతాల జోలికి వెళ్ళలేదు. మీవాళ్ళు పాతవాటినీ కదిలిస్తున్నారు, అది ఎక్కువ కఠినం. ఇంకా కఠినమైనవీ ఉన్నాయి. జియోసిటీస్ 2009లో, పోస్టరస్ 2013లో మొత్తానికే మూసేశారు.

తెలుగు బ్లాగులకి ఇన్నాళ్ళు ప్రకటనలు రాకపోవడానికి దయాదాక్షిణ్యాలు కారణం కావు. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుని ఒప్పుకున్నదే 2018లో. అంతకుముందు తెలుగు పేజీకి ప్రకటన దొరకడమే కష్టం, పెట్టినా పైసలు రాలేవు. ఇప్పుడు దొరుకుతున్నాయి కాబట్టి పెడుతున్నారు. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, అలాంటి ప్రకటన కనపడితే స్క్రీన్‌షాట్‌తో సైటువాళ్ళకి రాయండి. ‘ప్రకటనలు నచ్చలేదు’ అంటే పట్టించుకోకపోవచ్చు గానీ ‘ఇది ఇక్కడ చట్టవిరుద్ధం’ అంటే తీస్తారు.

మీ మెయిలు మళ్ళీ ఒకసారి చదవండి. 60 రోజుల తర్వాత ఏమీ చెయ్యకపోతే ఏమవుతుందని రాశారు? ప్రకటనలు మొదలవుతాయా, లేక కొత్త టపాలు రాయనివ్వరా? రెంటికీ చాలా తేడా ఉంది.

పాతబస్తీ_పుటలు:

చూశామండీ. ఏమీ చెయ్యకపోతే ప్రకటనలతో ఉచిత ఖాతాగా మారుతుందట, రాయడానికి అడ్డు లేదట. డొమైన్ కొనేశాం, ఇద్దరి చేతిలో ఉన్న మెయిలు మీదే. సొంత వర్డ్‌ప్రెస్‌కి వెళ్తున్నాం. మరి పాత లింకులు, కరపత్రాల సంగతి?

బకింగ్‌హామ్_గట్టు:

అలాగైతే పాత బ్లాగు చెరపొద్దు. అడ్రసు మీది కాదు కాబట్టి 301 దారిమళ్ళింపు (పాత లింకు నొక్కినవాళ్ళని దానంతటదే కొత్త లింకుకి పంపేది) మీరుగా పెట్టలేరు. ఆ సైటు ‘రీడైరెక్ట్’ అని విడిగా అమ్ముతుందేమో చూడండి. ప్రకటనల్లేని ఖాతాకి డబ్బు కట్టేకంటే రెండేళ్ళు దానికి కట్టడం మేలు. గూగుల్ ఈలోపు కొత్త అడ్రసుకి అలవాటు పడుతుంది, లింకులు టపాకి టపా చేరతాయి.

అది లేకపోతే గణాంకాల పేజీలో ఎక్కువమంది చదివిన 25 టపాలు తీసి, ఒక్కోదాని మొదటి పేరాకి పైన కొత్త లింకు పెట్టండి. మిగతా టపాలకి అంత శ్రమ అక్కర్లేదు, ముఖపేజీలో అన్నిటికంటే పైన అంటిపెట్టుకుని ఉండేలా ఒక టపా చాలు. పాతచోట వ్యాఖ్యలు మూసేయండి, లేకపోతే చర్చ రెండు ముక్కలవుతుంది. వెబ్ పేజీల ప్రతులు దాచిపెట్టే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ దగ్గర ఆ 25 లింకులూ ఇచ్చి ఉంచండి.

గవర్నర్‌పేట_డీటీపీ:

అచ్చేసిన క్యూఆర్ కోడ్ మారదు, అందులో ఉన్నది పాత అడ్రసే. పాత బ్లాగు తెరిచి ఉంటే అదేమీ వృథా కాదు, ముఖపేజీకి వెళ్ళి అక్కడి నుంచి కొత్తచోటికి వస్తారు. మిగిలిన రెండు వేలకి కొత్త అడ్రసు క్యూఆర్‌తో స్టిక్కర్ అచ్చేయించి అంటిస్తే సరి. ముఖపేజీ అడ్రసు ఒక్కటే పెట్టండి. టపా తెలుగు లింకు పెడితే ఆ 200 గుర్తులకీ గళ్ళు మరీ చిన్నవై, నాసిరకం కాగితం మీద సిరా అలుక్కుపోయి ఫోన్ చదవదు. చిన్న అడ్రసుకి 2 సెంటీమీటర్ల చదరం సరిపోతుంది. చుట్టూ నాలుగు గళ్ళంత తెల్ల అంచు వదలాలి. డిజైన్ చేసే కుర్రాళ్ళు అందం కోసం ఆ అంచు తినేస్తుంటారు, ప్రూఫ్ దశలోనే చూసుకోండి. నలుపు మీద తెలుపు వద్దు, తెలుపు మీద నలుపే.

పాతబస్తీ_పుటలు:

మొదటి విడత దిగుమతి అయింది. టపాలు 640కి 640 వచ్చాయి. ఫొటోలు 1,846. మిగతా 54 ఎక్కడ? కొల్లేరు, కొండపల్లి టపాల్లో ఉన్నవి ఎక్కువ. చాలావరకు టపాలో కనపడుతున్నాయి, లైబ్రరీలో లేవు.

బ్రాడీపేట_నాలుగోలైను:

అవి మీ బ్లాగులోకి ఎప్పుడూ ఎక్కించలేదండీ. వేరే ఫొటో ఆల్బమ్ సైటులో పెట్టి లింకు మాత్రం టపాలో అతికించి ఉంటారు. అందుకే ఐటమ్‌ల లెక్కలో లేవు, ఇంపోర్టర్ తేలేదు. ఫైలులో ‘ఐఎమ్‌జీ’ ట్యాగులు వెతికి, పాత సైటు పేరు లేని లింకులన్నీ విడిగా తీయండి, సుమారు ఆ 54 తేలతాయి. ఒక్కోటి దింపుకుని కొత్త లైబ్రరీలోకి ఎక్కించి టపాలో లింకు మార్చాలి. ఇద్దరు కూర్చుంటే రెండు గంటల పని. దింపేటప్పుడు ఆల్బమ్ పేజీలోకి వెళ్ళి ‘అసలు పరిమాణం’ ఎంచుకోండి. టపాలో కనపడేది 640 పిక్సెళ్ళ చిన్న ప్రతి అయి ఉండొచ్చు.

పాతబస్తీ_పుటలు:

సరిగ్గా అదే. 51 దొరికాయి. మూడింటికి ఆల్బమ్ ఖాతాయే లేదు, వాటి కోసం పాత సీడీలు వెతుకుతున్నాం.